గుడ్డి కెమెరా

మొదట మానిటర్ చెడిపోయిందనే అనుకుంది మంజుశ్రీ.

నాగలమడిక బస్టాండు పక్క సందులో ఓబులేశ్‌కు చిన్న ఫోటో స్టూడియో ఉంది. ముందు గదిలో అతను ఫోటోలు తీస్తాడు. వెనక గదిలో అతని భార్య మంజుశ్రీ కంప్యూటర్ ముందు కూర్చుని పెండ్లి ఆల్బంలు తయారు చేస్తుంది. ఆ పొద్దు ఆమె చేతిలో ఉన్నది ఊళ్ళో పెద్ద రైతు హనుమంతరాయుడి కూతురు చైత్ర పెండ్లి ఆల్బం. తలంబ్రాల ఫోటో తెరవగానే పెండ్లికూతురి పక్కన ఇంకో పెండ్లికూతురు కూర్చుని ఉంది. అదే చీర, అదే బాసికం, అదే నవ్వు.

"బావా, ఈడికి రా ఒగసారి. మానిటర్ చెడిపోయినట్టుండాది. అన్నీ రొండు రొండు చూపిస్తాండాది."

ఓబులేశ్ లోపలికొచ్చి ఆమె భుజం మీదుగా వంగి చూశాడు. "ఒగటే కదా ఉండేది. దీనికేం కాలేదు," అని వైరు కొంచెం కదిపి, మళ్ళీ ముందు గదికి నడిచాడు. గుమ్మం దాకా పోయినవాడు వెనకనుంచి మాటా పలుకూ లేకపోయేసరికి తిరిగి చూశాడు. మంజు అతన్నే చూస్తోంది. ముఖం పాలిపోయి ఉంది.

"బావా, నువ్వు గూడా ఇద్దరుండావు."

అతను నవ్వబోయాడు. ఆమె ఎడమ కన్నును అరచేత్తో మూసింది, తీసింది, మళ్ళీ మూసింది. మూస్తే ఒక్క ఓబులేశ్, తీస్తే ఇద్దరు. అది చూశాక అతనికి నవ్వు రాలేదు.

మరుసటి రోజు పొద్దున్నే బస్సెక్కి అనంతపురం పోయారు. కండ్ల డాక్టరమ్మ మంజు ముఖం ముందు వేలు అటూ ఇటూ ఆడించి చూసింది. తలకు స్కానింగు తీయించింది. భయపడాల్సిందేమీ లేదని తేలాక తీరిగ్గా కూర్చోబెట్టి చెప్పింది. కిందటి నెల మంజును వారం రోజులు మంచానికి కట్టేసిన జ్వరం, పోతూ పోతూ ఎడమ కంటి నరం ఒకదాన్ని దెబ్బకొట్టి పోయిందట. గుడ్డును బయటివైపుకు తిప్పే నరం అది. దానికి బలం చాలక కుడికన్ను ఒకచోట చూస్తుంటే ఎడమకన్ను ఇంకోచోట చూస్తోంది.

"చూపుకేం లోటు లేదమ్మా. చాలామందికి కొన్ని నెలల్లో దానంతటదే సర్దుకుంటుంది. అంతవరకు ఈ పట్టీ కట్టుకో," అని నల్లటి కంటిపట్టీ ఒకటి ఇచ్చింది.

తిరుగు బస్సులో మంజు ఊరు దగ్గరపడుతుండగా మెల్లగా అంది: "చాలామందికి అనింది బావా. అందరికీ అనలేదు."

ఓబులేశ్ ఆమె చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకున్నాడు.

మంజుకు కన్నే ఆస్తి. వందల ముఖాల మధ్య ఎవరి రెప్ప వాలిందో, ఎవరి జాకెట్టు హుక్కు ఊడిందో ఒక్క చూపుతో పట్టేసేది. ఇప్పుడు చెంబులోంచి లోటాలోకి నీళ్ళు పోయబోతే బండ మీద పడుతున్నాయి. పట్టీ కట్టుకుంటే ఎడమవైపు గోడ లేచినట్టుంటుంది, పక్కనొచ్చి ఎవరైనా పలకరిస్తే ఉలిక్కిపడుతుంది. పట్టీ తీస్తే ప్రతిదానికీ ఒక జంట. వీధిలో ఆడవాళ్ళు దిష్టి అన్నారు. ఎవరో నిమ్మకాయలు తెచ్చి తిప్పి పోయారు. ఆమె స్టూడియోకు రావడం మానేసింది. చైత్ర ఆల్బం ఆగిపోకూడదని ఓబులేశ్ దాన్ని పావగడలో తెలిసినవాళ్ళ చేత పూర్తి చేయించాడు. ఆ మాట చెప్పినప్పుడు మంజు "మంచిదేలే" అని గోడవైపు తిరిగి పడుకుంది.

ఓబులేశ్‌కు రెండు కెమెరాలున్నాయి. ఒకటి పెండ్లిళ్ళ కెమెరా. బరువుగా, నల్లగా, ముఖాన్ని తనే వెతికి పట్టుకునే కొత్త కాలపు కెమెరా. అది అన్నం పెడుతుంది. రెండోది రీలు వేసే పాత జపాన్ కెమెరా. మూలలు అరిగి లోపలి ఇత్తడి బయటపడింది. దాన్ని పావగడలో ఒకప్పుడు స్టూడియో నడిపిన యోగానంద మాస్టరు ఇచ్చాడు. ఓబులేశ్ పని నేర్చుకున్నది ఆయన దగ్గరే. స్టూడియో మూసేసి తుమకూరు పోతూ, "దీన్ని రేంజ్‌ఫైండర్ అంటారప్పా. పెండ్లికి పనికిరాదు. నీకు పనికొస్తాది," అని చేతిలో పెట్టి పోయాడాయన.

ఆ కెమెరాలో చూసేది లెన్సులోంచి కాదు. లెన్సుకు పైన, ఒక మూలగా ఉన్న చిన్న కిటికీలోంచి చూడాలి. ఆ సంగతి తెలిసిన రోజు మంజు పగలబడి నవ్వింది. "అంటే ముందర మూత పెట్టినా దీనికి తెల్దు. లెన్సు ఒగచోట, చూసేది ఒగచోట. గుడ్డి కెమెరా!" అప్పటినుంచి వాళ్ళింట్లో దాని పేరు గుడ్డి కెమెరానే.

ఓబులేశ్‌కు మాత్రం అదంటే ప్రాణం. ఎందుకని ఎవరైనా అడిగితే చెప్పలేడు గాని, ఒంటరిగా బండి మీద పోతున్నప్పుడు మనసులో చెప్పుకునేవాడు. పెద్ద కెమెరా ఎత్తితే ఎదుటివాళ్ళకు మన ముఖం కనపడదు, తుపాకి ఎత్తినట్టుంటుంది. దీన్ని కంటి మూలకు ఆనించుకుంటే సగం ముఖం బయటే ఉంటుంది, మనం నవ్వితే వాళ్ళూ నవ్వుతారు. మాస్టరు దగ్గర వాడిన అద్దం కెమెరాల్లో బటన్ నొక్కిన క్షణాన లోపలి అద్దం పైకి లేచి చూపు నల్లబడిపోయేది. ఫోటోలో పడిన ఆ క్షణాన్ని, తీసినవాడే చూడలేకపోయేవాడు. దీంట్లో ఆ చీకటి లేదు. ఎదుటి మనిషి రెప్ప కూడా మనం చూస్తుండగానే పడుతుంది. ఫోటోలో ఎంత మేర పడుతుందో చెప్పే తెల్లటి గీతలు లోపల ఉంటాయి, గీతలకు అవతల కూడా లోకం కనపడుతూనే ఉంటుంది. ఎవరు లోపలికి రాబోతున్నారో, ఎవరు వెళ్ళిపోతున్నారో ముందే తెలుస్తుంది. జూమ్ లేదు. మనిషి పెద్దగా కావాలంటే మనమే నాలుగడుగులు నడిచి పోవాలి. అట్లాగని మరీ మీదికి పోతే ఒప్పుకోదు. చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో ఏదీ దానికి ఆనదు.

ఇక దాని లెన్సు. లోపలి గాజు మీద శీతాకాలం కిటికీకి పట్టినట్టు సన్నటి మబ్బు పట్టి ఉంది. వెలుతురుకు ఎదురుగా తీస్తే తెల్లనివన్నీ మెత్తగా వెలిగి, అంచులు దూదిలా విడిపోతాయి. ఓబులేశ్‌కు ఆ మబ్బు మీద కూడా ప్రేమే. కొత్త లెన్సుకు కొలత ఉంటుంది గాని గుణం ఉండదని, గుణమంతా పాత గాజులోనే ఉందని అతని నమ్మకం.

ఒక సాయంత్రం ఓబులేశ్ గడప మీద కూర్చుని ఆ కెమెరాకు పట్టిన దుమ్ము తుడుస్తున్నాడు. మంజు వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది. ఎడమకన్నుకు పట్టీ. ఊరికే చేతులు కదిలించకుండా ఉండలేక, "ఇట్లియ్యి," అని చెయ్యి చాచింది. ఇచ్చాడు. కుడికంటికి ఆనించుకుని ఎదురింటి అరుగు వైపు చూసింది. చూస్తూ చూస్తూ గట్టిగా ఊపిరి తీసింది.

"బావా, దీనికి గూడా నా రోగమే వచ్చినాది."

ఓబులేశ్‌కు ఒక క్షణం అర్థం కాలేదు. తర్వాత వెలిగింది. ఇన్నేళ్ళుగా ఆ కిటికీలోంచి చూస్తున్నాడు, ఆ పోలిక అతనికి తట్టనే లేదు. కిటికీ నడుమ పసుపుపచ్చగా చిన్న మచ్చ ఉంటుంది. ఆ మచ్చలో మాత్రం ప్రతి వస్తువూ రెండుగా కనపడుతుంది.

"ముందర రింగుండాది చూడు. దాన్ని తిప్పు. మెల్లగా."

ఆమె తిప్పింది. ఎదురింటి అరుగు మీది బిందెకు రెండు మూతులు. ఒకటి నిలబడి ఉంది, ఇంకొకటి జరుగుతూ జరుగుతూ దాని దగ్గరకు వచ్చింది, దాటిపోయింది, మళ్ళీ వెనక్కి వచ్చింది. రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. ఒకటే బిందె.

మంజు కెమెరాను పక్కకు తిప్పింది. కరెంటు స్తంభం రెండు, ఒకటి. గోడ మీది కాకి రెండు, ఒకటి. సైకిలు తోసుకుంటూ పోతున్న ముసలాయన్ను పట్టుకోబోయింది గాని ఆయన ఒకటయ్యేలోగా సందు తిరిగిపోయాడు. వెలుతురు ఉన్నంతసేపూ ఆమె అట్లా ఊళ్ళో ఉన్నవాటన్నిటినీ ఒక్కొక్కటిగా ఒకటి చేస్తూ కూర్చుంది.

"నేను తిప్పితే ఒగటైతాండాది బావా," అంది చివరికి. ఆ గొంతు విని ఓబులేశ్‌కు కండ్లు చెమ్మగిల్లాయి. అది కనపడకుండా కెమెరా తీసుకుని తన కంటికి పెట్టుకున్నాడు. కావాలనే రింగు తప్పుగా తిప్పాడు. మచ్చలో ఇద్దరు మంజులు, రెండు పట్టీలు.

"ఇట్లనా నీకు కనపడేది?"

"పట్టీ తీస్తే ఇట్లే. ఎడంపక్కకు చూస్తే ఇంగా దూరం దూరం పోతాయి. దూరంగా ఉండేవే ఎక్కువ. బాగా దగ్గరికొస్తే ఒగటైపోతాయి."

"నేను గూడానా?"

"నువ్వు గూడా."

"ఎంత దగ్గరికి రావాల?"

మంజు పట్టీ తీసేసింది. "రా, చెప్తా." అతను కెమెరా మంచం మీద పెట్టి ముందుకు వంగాడు. ఇంకా అంది. ఇంకా వంగాడు. ముక్కుకు ముక్కు తగిలేంత దగ్గరకు వచ్చాక, "ఆ, ఇప్పుడు ఒగడివే ఉండావు," అంది. ఆ దూరంలో ఏ గాజు పెట్టినా ఆ కెమెరాకు మనిషి కనపడడు. ఓబులేశ్ చాలాసేపు వెనక్కి జరగలేదు.

వారం తిరక్కుండా ఓబులేశ్ తల్లి రంగక్క బలసముద్రం నుంచి ఫోన్ చేసింది. మంజు ఆమెకు సొంత అన్న కూతురు. "ఆ గోడను చూస్తా పండుకుంటే నరం యాడ లేస్తాదిరా? నా దగ్గర విడిచిపో. గాలైనా తగుల్తాది." ఓబులేశ్ బండి మీద మంజును తీసుకుపోయి దింపాడు. గుడ్డ సంచిలో నాలుగు చీరలతోపాటు గుడ్డి కెమెరా కూడా పోయింది. రీలు వేయడం, తీయడం, ఎండకు ఎంత పెట్టాలో నీడకు ఎంత పెట్టాలో ముందురోజే నేర్పించాడు. "ఈ ఎండకు వెలుతురు కొలిచే మీటరెందుకు? ఈ అంకె మీద పెట్టి మరిచిపో," అన్నాడు.

రంగక్క పొలం ఇప్పుడు పొలంగా లేదు. ఒకప్పుడు శెనక్కాయ వేసిన నేల మీద కనుచూపు మేర నీలం సోలార్ ప్యానెళ్ళు సూర్యుడికి ముఖం ఎత్తి నిలబడి ఉన్నాయి. ఏడాదికోసారి కౌలు వస్తుంది. అయినా ఆమె ఇంట్లో కూర్చునే మనిషి కాదు. పొద్దెక్కకముందే గొర్రెలు తోలుకుని కంచె వెంబడి పోతుంది. వాటికి కంచె వెంట గడ్డి దొరుకుతుంది, ప్యానెళ్ళ వరస కింద నీడ దొరుకుతుంది. మంజు ఆమె వెంట నడిచింది. డాక్టరమ్మ చెప్పినట్టు రోజూ కాసేపు పట్టీ తీసి చూడడం అలవాటు చేసుకుంటోంది. ఆ కాసేపూ అత్తాకోడళ్ళకు ఒక ఆట.

"అత్తా, రొండు ఆటోలు వస్తాండాయి."

"అంటే ఒగటి."

"ఆడ నాలుగు గొర్రెలు కంచెలో దూరినాయి."

"అయ్యో, రొండు దూరినాయా!" అని కర్ర పట్టుకుని పరిగెత్తేది రంగక్క. కోడలు ఏం చెప్పినా సగానికి తగ్గించడం ఆమెకు నోటి అలవాటైపోయింది.

మొదటి రీలు అయిపోయిందని కబురొస్తే ఓబులేశ్ వచ్చి పట్టుకుపోయాడు. స్నానాల గది కిటికీకి దుప్పటి కట్టి, రీలు కడిగే మందు కలిపి, డబ్బాలో వేసి కడిగాడు. బయటికి తీసి వెలుతురుకు పట్టి చూస్తే రీలు మొదటినుంచి చివరిదాకా తేటగా, గాజులా ఉంది. ఒక్క బొమ్మ లేదు. ఏం జరిగిందో అతనికి చూడగానే తెలిసింది. లెన్సు మూత తీయలేదు. ఆ కెమెరాతో ఎవరైనా ఎప్పుడో ఒకసారి చేసే పొరపాటే, అతనూ చేశాడు. కాని మంజుకు ఎట్లా చెప్పాలి? "మంచిదేలే" అని మళ్ళీ గోడవైపు తిరిగితే?

దారి పొడుగునా ఒక అబద్ధం కూర్చుకుంటూ పోయాడు. మంజు కంచె పక్కన రాయి మీద కూర్చుని ఉంది, రంగక్క దూరంగా గొర్రెల్ని అదిలిస్తోంది. బండి దిగగానే ఆమె లేచి వచ్చింది. "ఎట్లొచ్చినాయి బావా?"

"అదే మంజూ... మందు పాతదైపోయింది. నేను చూసుకోలేదు. రీలు చెడిపోయింది."

"యాడుండాది? చూపించు."

జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆమె కుడికన్నుతో దాన్ని ఆకాశానికి పట్టి చూసింది. చివరిదాకా చూసింది. తర్వాత చిన్నగా అడిగింది. "మూత తీయలేదా నేను?"

ఓబులేశ్ నేల చూశాడు.

"చెప్పు బావా. రీలు పొడుగునా మూత పెట్టే తీసినానా?"

అతను తల ఊపాడు. మంజు ముఖం ఒక్కసారి ముడుచుకుంది. అయిపోయింది అనుకున్నాడతను. ఆ ముడుచుకున్నది ఏడుపు కాదు. లోపలినుంచి తన్నుకొస్తున్న నవ్వు. "మీ అమ్మను అంత సేపు ఎండలో నిలబెట్టినా! కొంగు సర్దుకో అత్తా, తల ఎత్తు అత్తా అని... మూత పెట్టుకోని!" అంటూ రాయి మీద కూలబడి నవ్వింది. జ్వరం తర్వాత అట్లా నవ్వడం అదే మొదలు. కండ్లలోంచి నీళ్ళు కారి పట్టీ తడిసిపోయింది. దూరంనుంచి ఆ ఊగిపోవడం చూసి ఏడుస్తోందనుకుని రంగక్క కర్ర పారేసి పరిగెత్తుకొచ్చింది. "ఏందిరా, ఏమన్నావురా దాన్ని?" అని కొడుకును రెండు అంటించబోయింది. సంగతి తెలిశాక, "అంటే నా ఫోటో ఒగటి గూడా పడలేదా? నేను ఆ పొద్దు తలస్నానం గూడా చేసినా గదే," అని తనూ నవ్వడం మొదలుపెట్టింది.

రెండో రీలులో బొమ్మలు పడ్డాయి. ఓబులేశ్ వాటిని కాగితం మీద వేసి చూసుకుంటూ చాలాసేపు స్టూడియోలోనే ఉండిపోయాడు. సోలార్ పార్కు చూడ్డానికి వచ్చేవాళ్ళంతా నీలం సముద్రంలాగా ప్యానెళ్ళ ఫోటోలు తీసుకుంటారు. మంజు ఫోటోల్లో ఆ సముద్రం ఎక్కడా లేదు. కంచె తీగకు చిక్కుకున్న ఉన్ని పోగు ఉంది. చెప్పులోంచి బయటికొచ్చిన రంగక్క పగిలిన మడమ ఉంది. వాచ్‌మన్ కుర్చీకి కట్టుకున్న పాత సంచి ఉంది. కొన్నింటిలో తలలు తెగిపోయాయి, ఒకదానిలో గొర్రెకు మూడు కాళ్ళే పడ్డాయి. కాని ఆమె దేన్ని చూడదలుచుకుందో అది మాత్రం వెంట్రుక తేడా లేకుండా ఆనింది. రెండు బొమ్మల్ని ఒకటి చేయకుండా ఆమె బటన్ నొక్కలేదు. వాటన్నిటి మీదా మబ్బు పట్టిన ఆ లెన్సు వెలుగు మెత్తగా పరుచుకుని ఉంది.

గర్వంగా తీసుకుపోయి ఆమె ముందు పరిచాడు. మంజు ఒక్కొక్కటే కంటి దగ్గరికి తెచ్చుకుని చూసింది. ఆల్బంలు చేసిన రోజుల్లో చూసినట్టే చూసింది.

"ఈ పొగేంది బావా, అన్నిటి మీద?"

"పొగ కాదు. లెన్సు గుణం అది. పాత గాజుకు అట్లా మెత్తదనం వస్తాది. దానికోసమే ఎంతమంది వెతుక్కుంటారో తెలుసా? నాకు తెలిసినాయన ఒగాయన..."

"నాకొద్దు."

ఓబులేశ్ ఆగిపోయాడు.

"నీకు అన్నీ తేటగా కనపడతాయి. అందుకే నీకు మబ్బు బాగుంటాది," అంది మంజు. కోపంగా అనలేదు, ఉన్న మాట అన్నట్టు అంది. "నేను జ్వరం వచ్చి లేసినప్పట్నుంచి మబ్బులోనే ఉండా బావా. ఇదొగటి చేతిలోకి వచ్చినాక కొంచెం తేట చూసినా. అత్త మడమ మీద పగుళ్ళు ఎట్లుండాయో అట్లే పడాల. కడిగించు ఆ లెన్సును."

ఆ రోజు ఇంటికి తిరిగిపోతూ ఓబులేశ్ ఆ మాటనే తిప్పి తిప్పి ఆలోచించాడు. ఇన్నేళ్ళు గుణం అనుకున్నది మురికేనా? కాదనీ అనలేడు, అవుననీ అనలేడు. లెన్సు విప్పదీస్తే మాస్టరు ఇచ్చినది పోతుందేమోనన్న భయం కూడా ఉంది. చివరికి తుమకూరుకు ఫోన్ చేసి మాస్టరునే అడిగాడు. యోగానంద మాస్టరు గట్టిగా నవ్వి, "నేను కొన్నప్పుడు అది అద్దంలాగ ఉండేదప్పా. ఆ మబ్బు నా సోమరితనం. బెంగళూరులో మనిషి ఉండాడు, పంపిస్తా అడ్రసు," అన్నాడు.

లెన్సు బెంగళూరు పోయింది. అది తిరిగి రావడం ఆలస్యమైంది. మంజు చేతులు ఖాళీ అయ్యాయి గాని ఆమె ఇంటికి రాలేదు. ఈనడానికొచ్చిన గొర్రె ఒకటి ఉంది, అత్తకు తోడుగా ఉంటానంది.

ఆ గొర్రె ఒక మధ్యాహ్నం మందనుంచి వేరుపడి ప్యానెళ్ళ వరస కింద నీడలో పడుకుంది. రంగక్క మిగతావాటిని మళ్ళించడానికి పోయింది. మంజు పట్టీ తీసి కొంగున ముడేసుకుని, నాలుగడుగుల దూరంలో చతికిలబడి చూస్తూ ఉంది. గొర్రె లేచింది, తిరిగింది, మళ్ళీ పడుకుంది. కాసేపటికి తడితడిగా నల్లటి పిల్ల ఒకటి నేల మీదికి జారింది. తల్లి దాన్ని నాకుతూ ఉండగానే ఇంకోసారి మూలిగింది.

"అత్తా! అత్తా, బిరీన రా! రొండు పిల్లలు!"

రంగక్క దూరంనుంచే తీరుబడిగా అరిచింది. "ఒగటేనా? పోనీలే, బాగుండాదా?"

"ఒగటి కాదత్తా, రొండు!"

"నాకు తెల్సులేవే, నీ రొండంటే..." అంటూ వచ్చిన రంగక్క వంగి చూసి నిలబడిపోయింది. నేల మీద రెండు పిల్లలున్నాయి. ఒకటి నల్లది. ఒకటి నెత్తిన తెల్ల మచ్చ ఉన్నది.

రంగక్క పిల్లల్ని చూసింది. కోడలి ముఖం చూసింది. పట్టీ లేదు, రెండు కండ్లూ తెరిచే ఉన్నాయి. "ఏమే," అంది గొంతు తగ్గించి, "నీకు రొండే కనపడినాయా? నాలుగు కనపడలేదా?"

మంజు నవ్వుతూనే తల అడ్డంగా ఊపింది. నిజానికి కొన్నాళ్ళుగా ఆమెకు తెలుస్తూనే ఉంది. దూరాన ఉన్న స్తంభాలు రోజురోజుకూ ఒకదాని దగ్గరికి ఒకటి జరుగుతున్నాయి. ఎడమకు బాగా తిప్పి చూస్తే ఇప్పటికీ విడిపోతాయి గాని, ఎదురుగా ఉన్నవి అంటుకుంటున్నాయి. బయటికి చెబితే ఎక్కడ వెనక్కి పోతుందోనని ఎవరికీ చెప్పలేదు, రాత్రి ఫోన్లో బావకు కూడా చెప్పలేదు. రంగక్క అక్కడే గడ్డిలో కూర్చుని, పురిటి మాయ అంటిన గొర్రెపిల్లను ఒక చేత్తో, కోడలి తలను ఒక చేత్తో పట్టుకుని ఏడ్చేసింది.

ఓబులేశ్ లెన్సు పట్టుకుని వచ్చిన రోజు ఇద్దరూ ఒక్కటై అతన్ని ఆటపట్టించారు. "ఆడ ఎన్ని ప్యానెళ్ళుండాయో చెప్పు మంజూ," అని రంగక్క, "లెక్కబెట్టలేను గాని ఉన్నన్నే ఉండాయి," అని మంజు. ఏమంటున్నారో అర్థం కాక అతను ఒకరి తర్వాత ఒకరి ముఖం చూశాడు. మంజు దూరంగా, అతను మామూలుగా రెండుగా కనపడేంత దూరంలో నిలబడి, వేలు ఎత్తి చూపించింది. ఒక్క వేలు. "ఈడ్నించి గూడా ఒగడివే," అంది. అతను బండి స్టాండు వేయడం మరిచిపోయాడు. బండి పక్కకు ఒరిగి పడింది. లెన్సు జేబులో ఉంది కాబట్టి సరిపోయింది.

మంజు నాగలమడికకు తిరిగి వచ్చింది. కంప్యూటర్ ముందు కూర్చుంది గాని మునుపటిలా పొద్దస్తమానం కాదు. కండ్లకు విశ్రాంతి ఇవ్వమని డాక్టరమ్మ చెప్పింది, ఆమెకు కావాల్సిందీ అదే. "శనివారాలు నువ్వు ఆల్బం చెయ్యి, నేను బయట తిరుగుతా," అని ఒప్పందం పెట్టుకుంది. ఓబులేశ్ చేసిన ఆల్బం పేజీల్లో పెండ్లికొడుకు చెవి ఫ్రేము బయటికి పోయేది. ఆమె వచ్చి తిట్టి సరిచేసేది. చైత్ర సీమంతానికి కబురొచ్చినప్పుడు ఇద్దరూ పోయారు. అతను పెద్ద కెమెరాతో అందరినీ వరుసగా నిలబెట్టి తీశాడు. ఆమె గుడ్డి కెమెరాతో ఆడవాళ్ళ మధ్యలో, గాజులు తొడిగే చోట కూర్చుంది. ఆమె అక్కడ ఉన్నట్టు కూడా ఎవరూ గమనించలేదు.

ఆ రీలు కడగడం ఓబులేశ్‌కు ఇవ్వలేదు. తనే స్నానాల గదిలో దుప్పటి కట్టుకుని, మందు కలుపుకుని, డబ్బా తిప్పుకుంటూ కూర్చుంది. అతను తలుపు బయట నిలబడ్డాడు. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. తడి రీలును రెండు చేతులా ఎత్తి పట్టుకుని, నడవలోని బట్టలారేసే తీగకు క్లిప్పు పెట్టి వేలాడదీసి, వెలుతురుకు ఎదురుగా ముఖం పెట్టి చూసింది. అతనూ వెళ్ళి ఆమె పక్కన నిలబడి తల వంచాడు. చైత్ర అరచెయ్యి, గాజుల సందులో నరం, ఒక ముసలమ్మ నోట్లో మిగిలిన పన్ను. అన్నీ నలుపూ తెలుపూ తారుమారైన వెలుతురులో, ఏ మబ్బూ లేకుండా.

"బాగుండాయి," అన్నాడు.

వీధిలోంచి ఆటో ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది.

"ఆ వాకిలి వెయ్యి బావా," అంది మంజు, చూపు తిప్పకుండానే. "దుమ్మంతా రీలు మీదికే వస్తాండాది."